రెక్కల నడుమ ఖాళీ

ఎయిర్‌షో చూసొచ్చినవాళ్లను ఎలా ఉందని అడిగితే మొదట వచ్చే మాట దూరం గురించే. "ఎంత దగ్గరగా ఎగిరారండీ, రెక్కకు రెక్క తగులుతుందేమో అనిపించింది!" అంటారు. విమానాలు దిగాక పైలట్లు ఒకచోట కూచుని మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఈ ప్రస్తావన పెద్దగా రాదు. ఎంత ఖాళీ ఉంచాలన్నది ఎగరకముందే తేల్చుకున్న సంగతి. అనుకున్న ఖాళీ మొదటినుంచి చివరిదాకా మారకుండా నిలిచిందా, మలుపులో పెరిగిందా, గాలి కుదిపినప్పుడు ఎవరు చెదిరారు, ఎంతసేపట్లో సర్దుకున్నారు, వాళ్ల చర్చంతా దీని చుట్టూనే. ఈ విషయంలో నేను పూర్తిగా పైలట్ల పక్షం. ఫార్మేషన్ పనితనాన్ని నిలకడతో తూచాలి. అలా తూచాలంటే మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో, అక్కడినుంచి మన కన్ను దేన్ని పట్టగలదో, దేన్ని పట్టలేదో ముందుగా తెలియాలి.

ఇక్కడ చెప్పుకునేవి రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాలు. స్పిట్‌ఫైర్, హరికేన్, మస్టాంగ్ వంటి ఫైటర్లు, లాంకాస్టర్, బి-17 వంటి బాంబర్లు, వీటిని నడిపినవాళ్లలో చాలామంది తర్ఫీదు పొందిన టెక్సాన్ శిక్షణ విమానం. 'వార్‌బర్డ్స్' అని పిలిచే వీటిని ఎగిరే స్థితిలో కాపాడుకుంటూ వస్తున్నవాళ్లు బ్రిటన్‌లో, అమెరికాలో ఎక్కువ. కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లోనూ, విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌లో ఏటా జూలై నెలాఖరులో జరిగే ఎయిర్‌వెంచర్‌లోనూ ఇవి గుంపులు గుంపులుగా ఎగురుతాయి. షికాగో చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లకు ఆష్‌కాష్ మూడు గంటల కారు ప్రయాణం. టెక్సాన్‌నే బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ హార్వర్డ్ అన్నారు. మన వాయుసేన పైలట్లు కొన్ని తరాలపాటు దానిమీదే నేర్చుకున్నారు.

ఈ పాత విమానాలను వరుసలో నిలపడం జెట్‌లను నిలపడం లాంటిది కాదు. ముందు పెద్ద ప్రొపెల్లర్ తిరుగుతుంటుంది. థ్రాటిల్ కాస్త ముందుకు తోస్తే వేగంతోపాటు ముక్కు కూడా పక్కకు తిరగబోతుంది. ఆ తిరుగుడును పాదాలతో రడ్డర్ తొక్కి ఆపాలి. అంటే ముందుకూ వెనక్కూ జరగడానికి చేసే ప్రతి చిన్న సవరణా కుడి ఎడమల స్థానాన్ని కూడా కదుపుతుంది. చెయ్యీ కాలూ కలిసి పనిచేయకపోతే విమానం పీతలా పక్కకు నడుస్తుంది. ఒక మేలు మాత్రం ఉంది. థ్రాటిల్ వెనక్కి లాగగానే ఆ ప్రొపెల్లర్ పళ్లెమే గాలికి అడ్డుపడి బ్రేకులా పనిచేస్తుంది. లీడర్‌ని దాటి ముందుకు దూసుకుపోబోయిన వింగ్‌మన్‌ను, అంటే లీడర్ పక్కన ఎగిరేవాణ్ణి, ఎన్నోసార్లు కాపాడేది అదే.

ఇక వింగ్‌మన్ తన స్థానాన్ని ఎలా కనుక్కుంటాడో దగ్గరగా చూద్దాం. అతని కాక్‌పిట్‌లో దూరం చూపే మీటరు ఏదీ లేదు. ఉన్నా చూసే తీరిక లేదు, ఎందుకంటే లీడర్ విమానం మీదనుంచి కళ్లు తిప్పకూడదు. అతను లీడర్ విమానం మీద రెండు గుర్తులు ఎంచుకుంటాడు. ఒకటి తనకు దగ్గరగా ఉన్న రెక్క చివరి దీపం అనుకుందాం, రెండోది దాని వెనక కనిపించే ఫ్యూజిలాజ్ మీద ఏదో ఒక మచ్చ. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే తాను గాలిలో ఒక కచ్చితమైన సరళరేఖ మీద ఉన్నట్టు. తాను వెనకబడితే దగ్గరి దీపం లీడర్ ముక్కువైపు జరిగినట్టు కనిపిస్తుంది. ముందుకొచ్చేస్తే తోకవైపు జరుగుతుంది. కిందికి జారితే దీపం మచ్చకంటే పైకి లేస్తుంది. గీతకు వెనకబడినవాణ్ణి అమెరికన్ పైలట్లు 'సక్డ్' అంటారు, గీత దాటి ముందుకు పోయినవాణ్ణి 'అక్యూట్' అంటారు. గీత దొరికాక దాని మీద ఎంత దూరంలో ఉన్నాడో తేల్చడానికి లీడర్ విమానం కంటికి ఎంత పెద్దగా కనిపిస్తోందన్నది సాయపడుతుంది. ఫలానా అక్షరాలు చదవగలిగితే సరైన దూరం, రివెట్లు లెక్కపెట్టగలిగితే మరీ దగ్గర, ఇలా ఎవరి గుర్తులు వారికి ఉంటాయి.

ఈ పద్ధతి ఎంత సూక్ష్మమైనదో ఒక చిన్న లెక్క చెబుతుంది. దీపం పైలట్ కంటికి 15 మీటర్లలో, మచ్చ 22 మీటర్లలో ఉన్నాయనుకుందాం. పైలట్ తన చూపుకు అడ్డంగా పది సెంటీమీటర్లు జరిగితే చాలు, ఆ రెండు గుర్తులూ ఒకదాన్నుంచి ఒకటి సుమారు 7 నిమిషాల కోణం మేర విడిపోతాయి. డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం. ఆరోగ్యంగా ఉన్న కన్ను రెండు చుక్కలను విడివిడిగా గుర్తించడానికి ఒక్క నిమిషం కోణం సరిపోతుంది. రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయా లేదా అని చూసేటప్పుడైతే కన్ను అంతకంటే ఎన్నో రెట్లు పదునుగా పనిచేస్తుంది. ఒక నిమిషంలో ఆరో వంతు, పదో వంతు తేడాను కూడా పట్టేస్తుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ లాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్ మీద ఏ గీత ఏ గీతతో కలిసిందో చూసినవాళ్లందరూ ఈ శక్తిని వాడుకున్నవాళ్లే. శాస్త్రజ్ఞులు దీన్ని వెర్నియర్ చూపు అనే పిలుస్తారు. కాబట్టి వింగ్‌మన్ ఒక మీటరు పక్కకు జరిగాడంటే, తాను జరిగిన సంగతి కనిపించక జరిగాడని అనుకోనక్కర్లేదు. పది సెంటీమీటర్ల దగ్గరే కన్ను చెప్పేసింది. చెప్పినదాన్ని చెయ్యి అమలుచేసేలోగా, చేసినదానికి విమానం స్పందించేలోగా తప్పు పెరిగింది.

ఆ ఆలస్యంలోనే ఈ విద్య కష్టమంతా ఉంది. థ్రాటిల్ తోస్తే స్థానం వెంటనే మారదు. ముందు త్వరణం వస్తుంది, త్వరణం పోగయ్యి వేగం మారుతుంది, వేగం పోగయ్యి స్థానం మారుతుంది. రెండు మీటర్లు వెనకబడినవాడు థ్రాటిల్ ముందుకు తోసి తన స్థానం వచ్చేదాకా అలాగే పట్టుకుంటే, అక్కడికి చేరేసరికి లీడర్‌కంటే ఎక్కువ వేగంలో ఉంటాడు, దాటిపోతాడు. అందుకే ప్రతి సవరణా మూడు కదలికల పని: కాస్త తోయడం, స్థానం చేరకముందే తోసినదానికంటే ఎక్కువగా వెనక్కి లాగడం, చివరికి మునుపటి దగ్గర నిలపడం. కొత్తవాడు మొదటిది చేసి మిగతా రెండూ ఆలస్యంగా చేస్తాడు. అప్పుడు అతని విమానం ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆరితేరినవాడి చెయ్యి క్షణం కూడా ఊరుకోదు, కానీ ప్రతి కదలికా వెంట్రుకవాసి. తప్పు కంటికి ఆనే స్థాయికి పెరగకముందే తుంచేస్తుంటాడు. నేలమీదినుంచి అది కదలకుండా నిలిచిన విమానంలా కనిపిస్తుంది.

వరుస పొడవైతే మరో చిక్కు. అందరూ లీడర్‌కు ఒకే పక్కన ఏటవాలు వరుసలో నిలిచే ఎషెలాన్‌లో రెండోవాడు లీడర్‌ని చూసి ఎగురుతాడు, మూడోవాడు రెండోవాణ్ణి, నాలుగోవాడు మూడోవాణ్ణి. రెండోవాడు అర మీటరు ఊగితే మూడోవాడు ఆ ఊగిసలాటకు తన ఆలస్యాన్ని కలిపి మీటరు ఊగుతాడు, నాలుగోవాడు ఇంకాస్త. గూడ్సు బండి కదిలినప్పుడు ఇంజిన్ దగ్గర మొదలైన చిన్న కుదుపు పెట్టెపెట్టెకూ పాకి గార్డు పెట్టెను ఢామ్మని గుంజినట్టు. దీనికి మందు, చివరివాడు తన పక్కవాడితోనే సరిపెట్టుకోకుండా అతని మీదుగా లీడర్‌ని కూడా చూడటం. పక్కవాడు ఊగుతున్నాడా, లీడరే కదిలాడా అన్నది తేల్చుకుని, పక్కవాడి ఊగిసలాటను పట్టించుకోకుండా వదిలేయాలి. అందుచేత ఒక జట్టు స్థాయి తెలుసుకోవాలంటే నేను ముందు చూసేది వరుసలో చివరి విమానాన్ని. లీడర్ ఎవరైనా అందంగానే కనిపిస్తాడు. ముందున్న అందరి తప్పులూ వచ్చి చేరే చోట కూచుని కూడా నిలకడగా ఉన్నవాడే అసలు పనివాడు.

అంతమాత్రాన లీడర్ పని తేలికని కాదు. మలుపు సంగతి చూడండి. నాలుగు హార్వర్డ్‌లు గంటకు 250 కిలోమీటర్ల వేగంతో 30 డిగ్రీలు వాలి మలుపు తీసుకుంటే వాటి దారి దాదాపు 850 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తం. హార్వర్డ్ రెక్కల వెడల్పు 12.8 మీటర్లు. లీడర్ మధ్యభాగం నుంచి వింగ్‌మన్ మధ్యభాగానికి 20 మీటర్లు ఉంటే రెక్కల చివరల మధ్య 7 మీటర్ల పైచిలుకు ఖాళీ. లీడర్ వాలినప్పుడు మలుపుకు బయటివైపు ఉన్నవాడు లీడర్ రెక్కల తలంలోనే ఉండాలంటే 10 మీటర్లు పైకి లేవాలి, లోపలివాడు 10 మీటర్లు దిగాలి. పైగా బయటివాడు పెద్ద వృత్తం మీద పోతున్నాడు కాబట్టి లీడర్‌కంటే గంటకు 5 కిలోమీటర్లు ఎక్కువ వేగం కావాలి. ఎక్కుతూ వేగం పెంచుకోవడం! లీడర్ ఇంజిన్‌ని పూర్తిగా వాడేస్తుంటే పాపం బయటివాడికి పెంచుకోవడానికి ఏమీ మిగలదు. లీడర్ గబుక్కున వాలితే ఆ 10 మీటర్లను అందుకోవడానికి వ్యవధి ఉండదు. కాబట్టి మంచి లీడర్ శక్తిని కొంత చేతిలో ఉంచుకుంటాడు, వాలేటప్పుడు నింపాదిగా, ఒకే తీరున వాలతాడు. వెనకవాళ్లు చెదిరితే తప్పు చాలాసార్లు ముందువాడిదే. కింద ఉన్న మనం మాత్రం చెదిరినవాణ్ణే తప్పుపడతాం.

వింగ్‌మన్‌కు మరో చిక్కు లీడర్ రెక్కలు కదిపే గాలి. లీడర్ రెక్క కొస దాటాక గాలి పైకి లేస్తుంది, ఆ కొసకు లోపలివైపు కిందికి దిగుతుంది. లీడర్‌కు కుడిపక్కన సరైన చోట ఉన్నవాడి ఎడమ రెక్కను ఈ గాలి పైకి నెడుతుంది, అతన్ని లీడర్ నుంచి దూరంగా దొర్లించబోతుంది. అది కాస్త విసుగు పుట్టించేదే గానీ ప్రమాదం లేనిది. అదే, అతను మరీ లోపలికి జరిగి తన రెక్కను లీడర్ రెక్క వెనకకు తెచ్చాడంటే, ఇప్పుడా ఎడమ రెక్కను గాలి కిందికి నొక్కి అతన్ని లీడర్‌వైపే దొర్లిస్తుంది. కొద్ది మీటర్ల తేడాలో తోసే గాలి లాగే గాలిగా మారిపోతుంది. వింగ్‌మన్ లీడర్‌కంటే కాస్త కింద నిలవడానికి ఒక కారణం ఇది. లీడర్ ఎప్పుడూ తన కళ్లముందే ఉండాలన్నది ఇంకో కారణం. స్పిట్‌ఫైర్ లాంటి విమానంలో పొడవాటి ముక్కు, కింద వెడల్పాటి రెక్కలు చూపుకు అడ్డం. కిందికి జారిన లీడర్ ఆ రెక్క వెనక మాయమైపోతాడు.

ఇప్పుడు నేలమీదికి వద్దాం. అమెరికాలో ప్రదర్శన విమానాలు జనానికి ఎంత దూరంలో ఎగరాలన్నది వాటి వేగాన్ని బట్టి ఉంటుంది. 500, 1000, 1500 అడుగులని మూడు గీతలు. మనకూ విమానాలకూ మధ్య 500 మీటర్లు ఉందనుకుందాం. మూడు విమానాలు త్రికోణంలో మన ముందునుంచి అడ్డంగా పోతున్నాయి. వాటిలో ఒకటి ఉండాల్సిన దానికంటే 2 మీటర్లు కిందికి జారితే ఆ తేడా మన కంటికి 14 నిమిషాల కోణం, అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో సగానికి కొంచెం తక్కువ. పసిపిల్లలు కూడా పడతారు. అదే విమానం 2 మీటర్లు మననుంచి అవతలికి జరిగితే? దాని పరిమాణం వెయ్యింట నాలుగు వంతులు తగ్గినట్టు కనిపిస్తుంది. మానవమాత్రుడికి అది తెలియదు. తప్పు అదే, కొలత అదే. ఒకటి అందరికీ కనిపించింది, రెండోది ఎవరికీ కనిపించలేదు.

ఇంతకంటే మోసం చేసేది మరొకటుంది. విమానాలు మన తలకంటే ఎత్తులో పోతున్నాయి కాబట్టి మన చూపు ఏటవాలుగా ఉంటుంది. అడ్డంగా 450 మీటర్ల దూరంలో, 150 మీటర్ల ఎత్తులో ఉన్న విమానాన్ని చూడాలంటే 18 డిగ్రీలు తలెత్తాలి. ఆ స్థితిలో ఒక విమానం ఎత్తు మార్చకుండానే 2 మీటర్లు అవతలికి జరిగితే, మన కంటికది అర మీటరుకు పైగా కిందికి దిగినట్టు కనిపిస్తుంది. పక్క దూరంలో జరిగిన తప్పు ఎత్తులో జరిగిన తప్పు వేషం వేసుకుని వస్తుందన్నమాట. అవతలి వింగ్‌మన్ ఎత్తు తప్పాడని మన పక్కన చూస్తున్నవాళ్లు తీర్పు చెప్పేస్తుంటారు. అతని ఎత్తు సరిగ్గా ఉండి ఉండొచ్చు.

అందుకని ఒక్క చోటినుంచి, ఒక్క క్షణంలో చూసి తీర్పు చెప్పడం అన్యాయం. గుంపు ఎదురుగా మనవైపే వస్తున్నప్పుడు ఎడమ కుడి ఖాళీలు, ఎత్తులు చక్కగా తెలుస్తాయి. ముందువెనకలు అసలు తెలియవు. ఎదుటినుంచి అడ్డంగా దాటుతున్నప్పుడు ముందువెనకలూ ఎత్తులూ తెలుస్తాయి, పక్క ఖాళీలు తెలియవు. గుంపంతా వాలి, వీపు మనకు చూపిస్తూ వంపు తిరిగే క్షణాలు కొన్ని ఉంటాయి. అప్పుడు త్రికోణం కాగితం మీద గీసినట్టు మొత్తంగా కనిపిస్తుంది: ముందువెనకలు, పక్క ఖాళీలు రెండూ ఒకేసారి. ఫొటోగ్రాఫర్లు ఈ వంపు కోసమే కాచుకుని ఉంటారు. తూచేవాళ్లు కూడా దీన్నే వదలకూడదు. మలుపు కష్టమైన ఘట్టమని పైన చూశాం. అత్యంత కష్టమైన ఘట్టమే అత్యంత స్పష్టంగా కనిపించడం చూసేవాళ్ల అదృష్టం. విశాఖ బీచ్‌రోడ్డులో నేవీ డే విన్యాసాలు చూసేవాళ్లకు, బేగంపేటలో వింగ్స్ ఇండియాకు వెళ్లేవాళ్లకు కూడా ఈ లెక్కలన్నీ వర్తిస్తాయి. విమానం పాతదా కొత్తదా అన్నది జ్యామితికి పట్టదు.

ఫొటోల మాట వచ్చింది కాబట్టి: పత్రికల్లో, ఫోన్లలో తిరిగే "రెక్క మీద రెక్క" ఫొటోలను చూసి జట్లను పోల్చకండి. అర కిలోమీటరు దూరంనుంచి పెద్ద లెన్స్‌తో తీసినప్పుడు 500 మీటర్లలో ఉన్న విమానమూ 515 మీటర్లలో ఉన్న విమానమూ దాదాపు ఒకే పరిమాణంలో పడతాయి. వాటి మధ్య ఉన్న 15 మీటర్ల లోతు ఫొటోలో నలిగిపోతుంది. లెన్స్ అబద్ధం చెప్పలేదు. అంత దూరంలో నిలబడితే మన కంటికీ అలాగే ఉంటుంది. ఫొటో చూసేవాడు మాత్రం తాను ఆ విమానాల పక్కనే ఉన్నట్టు ఊహించుకుంటాడు. చిక్కు అక్కడ వస్తుంది.

వీడియో అయితే నిజంగా పనికొస్తుంది, కాస్త ఓపిక ఉంటే. గుంపు ఎదురుగా వస్తున్నప్పుడు తీసిన వీడియోలో ఒక హార్వర్డ్ రెక్కల వెడల్పు 256 చుక్కలు ఉందనుకోండి. 12.8 మీటర్లకు 256 చుక్కలంటే ఒక్కో చుక్క 5 సెంటీమీటర్లు. విమానమే స్కేలు! కొలబద్ద వేరే అక్కర్లేదు. ఇక సెకనుకొకసారి వీడియో ఆపి రెక్కల చివరల మధ్య ఖాళీని, ఎత్తుల తేడాను చుక్కల్లో కొలిచి రాసుకోవడమే. విమానాలు దగ్గరయ్యేకొద్దీ చుక్కల సంఖ్య పెరుగుతుంది కాబట్టి ప్రతిసారీ రెక్కల వెడల్పుతో భాగించాలి. వచ్చిన అంకెల సగటు ఆ జట్టు ఎంత ఖాళీ ఎంచుకుందో చెబుతుంది. ఆ సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరాయన్నది పనితనాన్ని చెబుతుంది. రెండు జట్లను ఊహించుకుందాం. ఒకటి సగటున 4 మీటర్ల ఖాళీతో ఎగిరింది, కానీ అది 2 నుంచి 6 మధ్య ఊగింది. రెండోది 8 మీటర్లతో ఎగిరి ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్యే నిలిచింది. చప్పట్లు మొదటిదానికి పడతాయి. నా మార్కులు రెండోదానికి, రెండో ఆలోచన లేకుండా. మొదటి జట్టు ఊగిసలాట ఇంకో 2 మీటర్లు పెరిగితే ఖాళీ సున్నా.

మార్కులు వేసేముందు ఆనాటి గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎండ ముదిరాక నేల వేడెక్కి గాలి బుడగలు బుడగలుగా లేస్తుంది. తేలిక విమానాన్ని అది ఎక్కువ కుదుపుతుంది. పూర్తి బరువుతో ఉన్న టైగర్ మాత్ రెక్కల మీద చదరపు మీటరుకు 40 కిలోలకన్నా తక్కువ బరువు పడుతుంది. యుద్ధకాలపు బరువుతో మస్టాంగ్‌కు అది 190 కిలోల దాపుల్లో ఉంటుంది. ఒకే గాలిలో టైగర్ మాత్‌ల వరుస తూగుతుంటే మస్టాంగ్‌ల వరుస రాయిలా నిలవడంలో విచిత్రం లేదు. పొద్దున్నే ఎగిరిన జట్టునూ మధ్యాహ్నం రెండింటికి ఎగిరిన జట్టునూ ఒకే త్రాసులో వేయడమూ సరికాదు.

వేరువేరు విమానాలు కలిసి ఎగిరినప్పుడు తూకం ఇంకా జటిలం. 1957లో మొదలైన బ్రిటిష్ వాయుసేన స్మారక దళంలో లాంకాస్టర్‌కు అటూఇటూ స్పిట్‌ఫైర్, హరికేన్ ఎగరడం ఆనవాయితీ. లాంకాస్టర్ రెక్కల వెడల్పు 31 మీటర్లు, స్పిట్‌ఫైర్‌ది 11 మీటర్ల పైచిలుకు, హరికేన్‌ది 12 మీటర్ల పైచిలుకు. మన గణతంత్ర దినోత్సవ కవాతుల్లో కూడా ఇలాంటిది కనిపించింది. 1971 యుద్ధంలో మన పారాట్రూపర్లు దిగిన టంగైల్ పేరుతో ఒక డకోటా, దానికి రెండువైపులా రెండు డోర్నియర్లు త్రికోణంలో ఎగిరాయి. డకోటా వెడల్పు 29 మీటర్లు, డోర్నియర్ 17. ఇలాంటి గుంపులో సమానత్వం దేన్నిబట్టి చూడాలి? రెక్క చివరలనా, ముక్కులనా, కాక్‌పిట్‌లనా? నా మటుకు నేను రెండువైపులా ఉన్నవాళ్లు అద్దంలో బొమ్మల్లా ఉన్నారా అని చూస్తాను. స్పిట్‌ఫైర్, హరికేన్ ఒకే కొలత కావు కాబట్టి ఆ అద్దం కూడా కచ్చితంగా కుదరదు. ముక్కులు ఒకే గీతలో ఉంటే చాలనుకుంటాను. వేగాల పేచీ కూడా ఉంది. బరువైన బాంబర్ నింపాదిగా పోతుంది, ఫైటర్లు తమకు ఇష్టంలేని నెమ్మదితనంలో దాన్ని అంటిపెట్టుకుని పోవాలి. వేగం తగ్గినకొద్దీ అదుపు మందగిస్తుంది, అదే సవరణకు చెయ్యి ఎక్కువ దూరం కదలాలి. కెనడాలో ఎగిరే ఏకైక లాంకాస్టర్ 2014లో అట్లాంటిక్ దాటి వచ్చి బ్రిటన్ లాంకాస్టర్‌తో జంటగా ఎగిరినప్పుడు ఈ పేచీ లేదు. ఒకే జాతి, ఒకే వేగం. ప్రపంచంలో ఎగిరే లాంకాస్టర్లు ఆ రెండే కావడంతో ఇద్దరు పైలట్ల మీదా ఉన్న బరువు మాత్రం వేరే.

డక్స్‌ఫర్డ్‌లో ఏళ్లతరబడి జరిగిన ఫ్లయింగ్ లెజెండ్స్ ప్రదర్శన చివర, వచ్చిన విమానాలన్నీ కలిసి ఒక్క పెద్ద గుంపుగా ఎగిరేవి. దాన్ని 'బాల్బో' అంటారు. ఇటలీ ఫాసిస్టు ప్రభుత్వంలో వైమానిక మంత్రి ఇటాలో బాల్బో 1933లో ఓర్బెటెల్లో నుంచి 25 సముద్ర విమానాలతో బయల్దేరి, దారిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకటి పోగా, మిగిలిన 24తో జూలై 15న షికాగో చేరాడు. పెద్ద గుంపులకు అతని పేరు నిలిచిపోయింది. బాల్బోను గీతల కచ్చితత్వంతో తూచడం అనవసరం. అన్ని రకాల ఇంజిన్లు, అన్ని రకాల రెక్కలు ఒకే వేగానికి రాజీపడి వస్తున్నాయి. ఒక చిన్న గుంపుకూ మరో చిన్న గుంపుకూ మధ్య ఖాళీ నిలిచిందా అన్నది చూస్తే చాలు.

ఇంత బిగువైన ఫార్మేషన్లు ఆ విమానాలు యుద్ధంలో ఎగిరిన తీరు అనుకుంటే పొరపాటు. 1940లో బ్రిటిష్ ఫైటర్లు ముగ్గురేసి బిగువైన త్రికోణాల్లో ఎగిరేవాళ్లు. ఇద్దరు వింగ్‌మన్ల కళ్లూ లీడర్ రెక్కకు అతుక్కుని ఉండేవి. శత్రువు కోసం ఆకాశాన్ని వెతికే తీరిక లీడర్ ఒక్కడికే. జర్మన్లు స్పెయిన్ అంతర్యుద్ధంలో వెర్నర్ మోల్డర్స్ తదితరుల అనుభవంతో విడివిడిగా ఎగిరే జంటలకు, రెండు జంటలు కలిసిన నలుగురి గుంపులకు మారిపోయారు. అక్కడ అందరూ అందరి వెనకా చూసుకోగలరు. బ్రిటిష్‌వాళ్లు ఎంతోమందిని పోగొట్టుకున్నాక ఆ పద్ధతికే వచ్చారు. ఈరోజు మనం మెచ్చుకునే అందమే ఆనాడు ప్రాణాలు తీసింది. బి-17 బాంబర్ల గుంపు కట్టుబాటుకు మాత్రం యుద్ధంలోనూ అర్థం ఉంది. తుపాకులన్నీ ఒకదాన్నొకటి కాచుకోవాలంటే ఎవరి స్థానంలో వాళ్లు ఉండి తీరాలి.

అసలు విమానమే లేని చోటును కూడా తూచాల్సిన ఫార్మేషన్ ఒకటుంది. చనిపోయిన పైలట్ల స్మృతిలో నాలుగు విమానాలు వస్తాయి, ఒకటి నిట్టనిలువుగా పైకి లేచి వెళ్లిపోతుంది, మిగిలిన మూడూ అతని చోటును ఖాళీగా ఉంచుకుని ముందుకు సాగుతాయి. చూపులు సహజంగా పైకి పోయే విమానం వెంట పోతాయి. పనితనం మిగిలిన ముగ్గురిలో ఉంది. పక్కనున్నవాడు లేచిపోగానే ఆ ఖాళీలోకి జరగాలని చేతులకు అలవాటు చొప్పున అనిపిస్తుంది. జరగకూడదు.

ఇక ప్రమాదాల సంగతి. 2011 జూలై 10న డక్స్‌ఫర్డ్‌లో గుంపు విడిపోతున్నప్పుడు ఒక స్కైరైడర్ ఒక మస్టాంగ్‌ను ఢీకొంది. మస్టాంగ్ పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు, స్కైరైడర్ రెక్క కొస పోగొట్టుకుని కూడా దిగగలిగింది. 2022 నవంబర్ 12న డల్లాస్‌లో ఒక పి-63 ఫైటర్ ఒక బి-17ను ఢీకొని ఆరుగురు చనిపోయారు. అది ఒకే గుంపులో ఖాళీ తగ్గి జరిగింది కాదు. ఫైటర్ల దారీ బాంబర్ల దారీ కలిసే చోట ఎవరు ఏ ఎత్తులో ఉండాలన్నది ముందుగా తేల్చుకోకుండా, అప్పటికప్పుడు వచ్చే సూచనల మీద ఆధారపడటం కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. విమానాలు బిగువుగా కలిసి ఉన్నప్పటికంటే కలిసేటప్పుడు, విడిపోయేటప్పుడు, ఒకరి దారి ఒకరు దాటేటప్పుడు ప్రమాదం పొంచి ఉంటుంది. మన కళ్లు మాత్రం ఆ ఘట్టాలకు వచ్చేసరికి సడలిపోతాయి, ఆట అయిపోయిందనుకుని.

అమెరికాలో వార్‌బర్డ్ సంఘాలు కలిసి 'ఫాస్ట్' పేరుతో ఒక ఏర్పాటు చేసుకున్నాయి. అందులో వింగ్‌మన్‌గా ఒక పరీక్ష, లీడర్‌గా మరో పరీక్ష. కార్డు చేతికొచ్చాకే ఎయిర్‌షో గగనంలో గుంపుగా ఎగరనిస్తారు. ఆ శిక్షణలో మొదట నూరిపోసే నియమాల్లో ఒకటి: లీడర్ కంటికి కనిపించకుండా పోతే ఒక్క క్షణం కూడా ఆగొద్దు, ఊహతో స్థానం నిలుపుకోవద్దు, వెంటనే బయటికి తప్పుకో, రేడియోలో చెప్పు. ప్రదర్శన మధ్యలో అలా ఒకడు తప్పుకుంటే త్రికోణం కుంటిదవుతుంది, జనంలోంచి ఒక నిట్టూర్పు వస్తుంది. నేను మార్కులు వేసే కాగితంలో ఆ తప్పుకోవడానికి కోత ఉండదు. తర్వాత అతను తిరిగి చేరే తీరును మాత్రం కళ్లార్పకుండా చూస్తాను. లీడర్ పిలిచాకే రావాలి. కిందనుంచి, వెనకనుంచి రావాలి. తన చోటికి నేరుగా దూసుకురాకుండా కొంత ఎడంగా ఆగాలి, వేగాలు కలిశాయని తేల్చుకోవాలి, అప్పుడు పక్కకు జరుగుతూ మెల్లగా లోపలికి రావాలి. తొందరపడినవాడు అక్కడ లీడర్‌ని దాటి ముందుకు పోతాడు. తెలిసినవాడి ప్రొపెల్లర్ శబ్దం రెండుసార్లు తగ్గి ఒకసారి పెరుగుతుంది, ఖాళీ పూడుతుంది, ఆ తర్వాత ఆ మూడు విమానాల్లో తప్పుకుని వచ్చింది ఏదో చెప్పడం కష్టం.